బాయ్‌కాటు : ఒక క్రియాపదము కథ

మనుష్యులకువలెనే మాటలకును పుట్టుక కలదు. పెక్కు మాటలు ఎప్పుడు పుట్టినవో, ఎవరి నోట మొదట వెలువడినవో తెలిసికొనుట కష్టము. అవి కొండలలో ఎక్కడనో పుట్టిన యేటివలె అనేక తరములను దాటివచ్చి నేటివారి నోళ్ళలో పలుకుచున్నవి. కొన్ని మాటలకు మాత్రము జాతకము వ్రాయవచ్చును. అవి పుట్టిన దేశము, పుట్టిన సంవత్సరము, నామకరణము చేసిన పెద్ద, అన్నియు తెలియుచున్నవి. ఆంగ్లభాషలోని 'బాయ్‌కాటు' అను క్రియాపదము అట్టిది. అది 1880వ సంవత్సరమున ఐర్లండు దేశమున పుట్టినది. సి. పి. బ్రౌను దొర తన నిఘంటువులను ప్రకటించినది అంతకు ఇరువదియెనిమిది సంవత్సరములకు ముందు, అనగా 1852 ప్రాంతమున. కావున వానిలో ఈ మాట ఉండుటకే వీలులేదు.

మనుష్యుల పేర్లు మాటలగుట తెలుగువారికి క్రొత్త కాదు. ఎడతెగని పట్టుదలతో చేసిన యత్నమును భగీరథప్రయత్నమందురు. నిద్రపోతును కుంభకర్ణుడందురు. ఒకరికొకరికి తగవు పెట్టువానిని నారదుడందురు. ఐనను ఈ పేర్లు క్రియలు కాలేదు. తెలుగున నామము క్రియ కావలెనన్న దానికొక తోడు కావలెను. 'ప్రేమ'కు 'ఇంచు' చేరి 'ప్రేమించు' అగును. 'భయము'నకు 'పడు' చేరి 'భయపడు' అగును. ఆంగ్లమున ఈ నిర్బంధము లేదు. అందు కొన్ని నామములకు ప్రత్యయము చేరును. ద్రవములను తగినంత వేడిచేసి అందలి సూక్ష్మక్రిములను చంపు పద్ధతిని కనుగొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ పేర 'పాశ్చరైజ్' అను క్రియ అట్లేర్పడినది. మఱి కొన్ని నామములు ఏ ప్రత్యయమును లేకయే క్రియలగును. 'బాయ్‌కాటు' ఈ రెండవ తెగకు చెందినది. పాశ్చర్ లోకమునకు చేసిన మేలువలన ఆయన పేరు క్రియ అయ్యెను. బాయ్‌కాట్ అను వాని పేరు మాత్రము, ఊరివారందఱును వానిని విడిచిపెట్టుటవలన క్రియ అయ్యెను.

ఐర్లండు రైతులు

ఆ కాలమున ఐర్లండు దేశము ఆంగ్లేయుల పాలనలో నుండెను. దున్నువారు ఐరిష్ రైతులు. భూమి మాత్రము కొద్దిమంది ప్రభువుల సొత్తు. ఆ ప్రభువులలో అనేకులు తమ భూములున్న గ్రామములలో నివసించువారు కారు. వారి పక్షమున శిస్తులు వసూలు చేయుటకు ఏజెంట్లుండిరి. జమీందారీలను, దివానులను ఎఱిగిన తెలుగుదేశపు వృద్ధులకు ఈ ఏర్పాటు తేలికగా బోధపడును. శిస్తు చెల్లింపలేని రైతును భూమినుండియు, ఆ భూమిమీద అతడు కాపురమున్న ఇంటినుండియు వెడలగొట్టుటకు ప్రభువునకు అధికారము కలదు.

1845వ సంవత్సరమున బంగాళాదుంప పైరునకు తెగులు సోకి, ఆ దేశమున ఘోరమైన కఱవు వచ్చెను. నాలుగైదేండ్లలో సుమారు పది లక్షలమంది మరణించిరి. మఱి పది లక్షలమంది ఓడలెక్కి దేశాంతరములకు పోయిరి. 1879లో పంటలు మరల దెబ్బతినగా, పాత కఱవు మరల వచ్చునేమోయని రైతులు గడగడ వణకిరి. ఆ సంవత్సరమే 'లాండ్ లీగ్' అను రైతుసంఘమేర్పడెను. దానికి అధ్యక్షుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్. దానికి ప్రాణమువంటివాడు మైకేల్ డేవిట్. ఈతడు మేయో కౌంటీలో పుట్టినవాడు. కౌంటీయనగా మన జిల్లావంటిది. శిస్తు కట్టలేక అతని తలిదండ్రులు ఇల్లు విడిచి ఇంగ్లండునకు వలసపోయిరి. అక్కడ పదునొకండేండ్ల ప్రాయమున నూలుమిల్లులో పనిచేయుచుండగా యంత్రములో చిక్కి అతని కుడిచేయి పోయెను. భూమి పోయినచో ఏమి పోవునో అతనికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

రైతులు కోరినవి మూడు: న్యాయమైన శిస్తు, శిస్తు కట్టుచున్నంతకాలము భూమినుండి తొలగింపబడకుండుట, తన కౌలు హక్కును తాను అమ్ముకొను స్వాతంత్ర్యము.

1880 సెప్టెంబరు 19న ఎన్నిస్ అను పట్టణమున గొప్ప సభ జరిగెను. ఒక రైతును వెడలగొట్టిన భూమిని మఱియొకడు ఆశపడి కౌలునకు తీసికొన్నచో వానినేమి చేయవలెనని పార్నెల్ సభవారిని ప్రశ్నించెను. కాల్చివేయవలెనని గుంపులోనుండి కేకలు వినవచ్చెను. పార్నెల్ అందులకు సమ్మతింపలేదు. దానికంటె ధర్మమైన మార్గమొకటి కలదనెను. దారిలో ఎదురైనను, అంగడిలో కనబడినను, సంతలోనైనను, ప్రార్థనామందిరములోనైనను వానిని పలుకరింపకుడనియు, వానితో సమస్త వ్యవహారములను మానుకొనుడనియు బోధించెను. ఆయుధము పట్టక, రక్తము చిందింపక, అన్యాయము చేయువానికి బుద్ధి చెప్పు మార్గమది. ఈ మార్గమునకు అప్పటికి ఒక సులువైన పేరు లేదు. మూడు దినములలో దానికి పరీక్ష వచ్చెను.

లఫ్ మాస్క్ సరస్సు కడ

మేయో కౌంటీలో లఫ్ మాస్క్ అను సరస్సు తీరమున ఎర్న్ ప్రభువునకు భూములుండెను. వానికి ఏజెంటు చార్లెస్ కనింగ్‌హామ్ బాయ్‌కాట్. ఈతడు 1832లో ఇంగ్లండులోని నార్‌ఫక్ కౌంటీలో పుట్టినవాడు. కొంతకాలము సైన్యమున పనిచేసినవాడగుటచే జనులు 'కెప్టెన్' అని పిలిచెడివారు. ఈతడు క్రూరుడని చెప్పుటకంటె, కఠినుడని చెప్పుట న్యాయము. చిన్న పొరపాటులకు జరిమానాలు వేయుచు, కౌలుదారుల కష్టసుఖములను విచారింపక, ప్రభువు హక్కును మాత్రము చూచువాడు. తాను కూడ అక్కడనే విశాలమైన వ్యవసాయము చేయుచుండెను.

పంట సరిగా లేనందున శిస్తులో నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపుడని రైతులు కోరిరి. ప్రభువు పది వంతులు మాత్రము తగ్గింతుననెను. రైతులు కట్టమనిరి. సెప్టెంబరు 22న పోలీసుల కాపుతో ఒక కోర్టు ఉద్యోగి తొలగింపు నోటీసులను తీసికొని గ్రామమునకు వచ్చెను. మూడు నాలుగు ఇండ్లకు పోవునంతలో ఆ వార్త పొక్కెను. స్త్రీలు గుంపుగూడి రాళ్ళతోను మట్టితోను పేడతోను వారి నెదుర్కొనిరి. వచ్చినవారు బాయ్‌కాట్ బంగళాకు పరుగుతీసిరి.

మఱునాడు జనులు ఆ బంగళాకు వచ్చి అక్కడి పనివారిని పని మానుడని చెప్పిరి. కూలివారు పొలము విడిచిరి. పశువుల కాపరులు వెడలిపోయిరి. కమ్మరి గుఱ్ఱములకు నాడాలు కొట్టననెను. బట్టలుతుకు స్త్రీ రాలేదు. బాలిన్‌రోబ్ పట్టణపు వర్తకులు సరకులమ్మలేదు. ఉత్తరములు తెచ్చు కుఱ్ఱవాడు కూడ మానుకొనెను. ఇంటికి కావలసిన తిండిసామాను సరస్సుకు ఆవలనున్న ఊరినుండి పడవమీద తెప్పించుకొనవలసివచ్చెను. ఎవరును అతనిమీద చేయి వేయలేదు. కాని నిన్నటివఱకు నూఱుమంది మసలిన వాకిట నేడు పిలిచిన పలుకువాడు లేకపోయెను. కెప్టెన్, అతని భార్య, ఇంటనున్న బంధువులు తామే పశువులను మేపుకొనిరి. తామే పాలు పిదికికొనిరి. పొలములో దుంపలు, ధాన్యము మాత్రము వారి చేతులకు మించిన పని. ఆ పంట భూమిలోనే కుళ్ళిపోవునట్లుండెను.

ఈ కథలో ఒక సంగతిని దాచరాదు. పని మానినవారందఱును మనఃపూర్వకముగానే మానిరని చెప్పజాలము. కొందఱు ఊరివారికి వెఱచి మానిరి. ఈ సంగతి తరువాత మరల విచారణకు వచ్చును.

ఒక్కొక్క దుంపకు ఎంత వెల?

బాయ్‌కాట్ తన దుస్థితిని వివరించి లండనులోని 'టైమ్స్' పత్రికకు లేఖ వ్రాసెను. అది అక్టోబరు 18న ప్రకటింపబడెను. అది చదివి, భూస్వాముల పక్షమువారు చందాలు ప్రోగుచేసిరి. కేవన్, మోనహన్ అను కౌంటీలనుండి ఏబదిమంది పనివారిని పిలిపించి పంట కోయింప నిశ్చయించిరి. వారికి కాపుగా ప్రభుత్వము వందలకొలది సైనికులను, పోలీసులను పంపెను. నవంబరు నెల చలిలో, వానలో, గుడారములు వేసికొని సైన్యము దుంపల చేనికి కావలి కాచెను! గ్రామస్థులు వారి జోలికి పోలేదు. దెబ్బలాట జరిగిన కదా తుపాకి ప్రేలుట? ఎదిరింపనివానిపై తుపాకికి పని లేదు.

పంట ఇల్లు చేరెను. కాని దాని వెల సుమారు ఐదు వందల పౌనులు. దానిని కోయించుటకైన వ్యయము సుమారు పదివేల పౌనులు. త్రవ్వి తీసిన ప్రతి దుంపకు ప్రభుత్వమునకు ఒక షిల్లింగు ఖర్చైనదని పార్నెల్ పరిహాసము చేసెను. నవంబరు 27న బాయ్‌కాట్ కుటుంబముతో ఆ ఊరు విడిచెను. బండి తోలుటకు ఒక్కడును రానందున, రోగుల నెక్కించుకొను సైనికశకటములో పోవలసివచ్చెను. డబ్లిన్ నగరమున దిగిన హోటలు యజమానికిని బెదిరింపు ఉత్తరము వచ్చెను. డిసెంబరు మొదటి తేదీన అతడు ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను.

నామకరణము

ఆ దినములలో జేమ్స్ రెడ్‌పాత్ అను అమెరికా పత్రికారచయిత ఐర్లండున సంచరించుచు, రైతుల పాట్లను గుఱించి తన దేశపు పత్రికలకు వ్రాయుచుండెను. లఫ్ మాస్క్ ప్రాంతమున జాన్ ఓమేలీ అను మతగురువు ఉండెను. రైతులకు వెన్నుదన్నుగా నిలిచినవాడాయన. ఒకనాడు ఇరువురును భోజనము చేయుచుండగా రెడ్‌పాత్ చేయి ఆపి ఆలోచించుచుండెనట. ఏమని గురువు అడిగెను. ఈ క్రొత్త పద్ధతికి మాట దొరకుట లేదని రెడ్‌పాత్ చెప్పెను. ఆంగ్లమున 'ఆస్ట్రసైజ్' అను మాట ఉన్నది. ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్ నగరమున, పౌరులు కుండపెంకులమీద ఒకని పేరు గీసి, వానిని పదియేండ్లు నగరమునకు దూరము చేయు ఆచారముండెను. ఆ పెంకు పేరునుండి పుట్టినది ఆ మాట. కాని అది చదువుకొన్నవారి మాట. పొలములో పనిచేయు రైతునకు అది అర్థము కాదని గురువు అంగీకరించి, తన విశాలమైన నుదుటిమీద వ్రేలితో తట్టుకొని, 'వానిని బాయ్‌కాటు చేయుట' అన్నచో ఎట్లుండునని అడిగెనట. ఈ వృత్తాంతమును రెడ్‌పాత్ స్వయముగా వ్రాసి యుంచెను.

ఆ మాట గాలికంటె వేగముగా వ్యాపించెను. 1880 నవంబరు 20 నాటికి లండన్ 'టైమ్స్' పత్రికకే ఎక్కెను. కెప్టెన్ ఇంకను ఆ ఊరు విడువకమునుపే అతని పేరు పరాయి ఊళ్ళలో క్రియగా వాడబడుచుండెనన్నమాట! త్వరలోనే ఫ్రెంచి, జర్మన్, డచ్చి, రష్యన్ మున్నగు భాషలు దానిని తమ తమ ప్రత్యయములు చేర్చి స్వీకరించెను. ఆ మఱుసటి సంవత్సరము, 1881లో, ఆంగ్ల పార్లమెంటు చేసిన భూమిచట్టము రైతులు కోరిన మూడు కోరికలను చాల వఱకు అంగీకరించెను. ఒక్క బాయ్‌కాటువలననే ఇది జరిగెననరాదు. దేశమంతట జరిగిన ఆందోళన ఫలమిది. కాని ఆ ఆందోళనకు ఒక ఆయుధము, ఆ ఆయుధమునకు ఒక పేరు, లఫ్ మాస్క్ తీరమున దొరకెను.

మాటకంటె పని పాతది. బానిసవ్యాపారమును రద్దుచేయు ప్రతిపాదనను 1791లో పార్లమెంటు త్రోసిపుచ్చగా, ఇంగ్లండులో ఎన్నో కుటుంబములు బానిసలచే పండింపబడిన వెస్టిండీస్ చక్కెరను మానివేసినవి. వారు చేసినది బాయ్‌కాటే; మాట మాత్రము అప్పటికి పుట్టలేదు.

ప్రయోగము

ఈ పదమును నేర్చుకొనువారు కొన్ని విశేషములను గమనింపవలెను. మొదట ఇది ఒకని పేరగుటచే పెద్ద అక్షరముతో ప్రారంభించి వ్రాసెడివారు. నేడు చిన్న అక్షరమే ఆచారము. ఆ పేరు చివర 'టీ' అను అక్షరము రెండుసార్లుండుటచే క్రియలోను రెండును నిలిచినవి. చెవికి ఒక్కటే వినబడుటచే విద్యార్థులు తఱుచుగా రెండవ దానిని మఱతురు. భూతకాలమున 'బాయ్‌కాటెడ్' అనియు, జరుగుచున్న పనిని చెప్పునపుడు 'బాయ్‌కాటింగ్' అనియు అగును. ఇది సకర్మకక్రియ. మనిషిని, అంగడిని, వస్తువును, సభను, ఎన్నికను బాయ్‌కాటు చేయవచ్చును. ఇదే రూపము నామముగాను పనికివచ్చును.

అర్థమున దీనికి దగ్గఱి బంధువులు కొన్ని కలవు. వానినుండి దీనిని వేఱుపఱచుకొనవలెను. ఒక వస్తువు నచ్చక కొననివాడు బాయ్‌కాటు చేయుట లేదు; ఒక అన్యాయమునకు నిరసనగా, పదిమందితో కలిసి, అందఱకు తెలియునట్లు కొనకుండుటయే బాయ్‌కాటు. పనివారు యజమానికడ పని నిలిపినచో అది సమ్మె. ప్రభుత్వము ఒక పుస్తకమును అమ్మరాదన్నచో అది నిషేధము. పాఠకులే దానిని కొనమన్నచో అది బాయ్‌కాటు.

తెలుగున దీనికి 'బహిష్కరించు' అను మాట స్థిరపడినది. 'బహిః' అనగా వెలుపల. వెలుపల చేయుట బహిష్కరించుట. ఇందొక చిక్కు కలదు. 'వారతనిని సభనుండి బహిష్కరించిరి' అన్నచో సభవారు అతనిని వెలుపలికి పంపిరని అర్థము. 'అతడు సభను బహిష్కరించెను' అన్నచో అతడే పోక మానెనని అర్థము. మొదటి వాక్యమున బలము సభది. రెండవ వాక్యమున బలము అతనిది. తెలుగున ఈ భేదమును విభక్తియే చూపుచున్నది. ఆంగ్లమున మొదటి అర్థమునకు 'బాయ్‌కాటు' పనికిరాదు. రెండవ అర్థమునకే అది చెల్లును.

భారతదేశమున

ఐర్లండున పుట్టిన ఈ మాట పాతికేండ్లకు భారతదేశమున గొప్ప నినాదమయ్యెను. కర్జన్ ప్రభువు వంగరాష్ట్రమును విభజింపబూనగా, 1905 ఆగస్టు 7న కలకత్తా టౌనుహాలులో జరిగిన సభ విదేశవస్తు బహిష్కారమును తీర్మానించెను. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశమున పర్యటించి ఈ సందేశమును వినిపించెను. రాజమహేంద్రవరమున ఆయన ఉపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహము తెలుగున చెప్పి జనులకు అందించెను. ఆ ఉత్సాహములో అచటి ట్రెయినింగు కళాశాల విద్యార్థియగు గాడిచర్ల హరిసర్వోత్తమరావు వందేమాతరమన్నందుకు కళాశాలనుండి తొలగింపబడెను. 1911లో వంగవిభజన రద్దయ్యెను.

1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమును ప్రారంభింపగా శాసనసభలు, న్యాయస్థానములు, విదేశవస్త్రములు బహిష్కరింపబడినవి. టంగుటూరి ప్రకాశము ధారాళముగా ధనము తెచ్చు న్యాయవాదవృత్తిని విడిచిపెట్టెను. భారతదేశపు రాజ్యాంగమును విచారించుటకు ఒక్క భారతీయుడైనను లేని సైమన్ సంఘము 1928 ఫిబ్రవరి 3న బొంబాయిలో దిగినపుడు దేశమంతట హర్తాళము జరిగెను. మద్రాసులో పోలీసుల తుపాకులకెదురుగా ప్రకాశము ఱొమ్ము చూపినది ఆనాడే.

ఈ ఉద్యమములలో ఒక రహస్యమున్నది. విడుచుట ఒక చేయియైన, నిర్మించుట రెండవ చేయి. మిల్లుబట్ట మానిన యింట రాట్నము తిరిగెను. ప్రభుత్వ విద్యాలయములకు బదులుగా మచిలీపట్టణమున 1910లోనే ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరమున జరిగినదియు ఇదియే. అక్కడి బస్సులలో నల్లజాతివారు తెల్లవారికి చోటు విడువవలెనను నియమముండెను. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అను స్త్రీ లేవనని కూర్చుండగా ఆమెను నిర్బంధించిరి. డిసెంబరు 5 మొదలు 381 దినములు నల్లజాతివారు బస్సులెక్కలేదు. వృద్ధులు సైతము నడిచి పనులకు పోయిరి. కార్లున్నవారు లేనివారిని ఎక్కించుకొని తిప్పిరి. చివరకు ఆ నియమము రాజ్యాంగవిరుద్ధమని న్యాయస్థానము తీర్పుచెప్పెను. ఈ బహిష్కారమును నడపిన యువకుడు మార్టిన్ లూథర్ కింగ్.

కత్తికి రెండవ వైపు

ఇంతవఱకు చెప్పినది విని, బాయ్‌కాటు ఎప్పుడును న్యాయమైనదే అని తలచినచో పొరపాటగును. తెలుగున 'వెలివేయు' అను మాట కలదు. 'వెలి' అనగా వెలుపల. బహిష్కరించు అన్న మాటకు అక్షరాల ఇదే అర్థము. ఊరిబావినుండి నీరు తోడనీయక, అంగడిలో సరకు ఇయ్యక, పొలములో కూలి ఇయ్యక, పలుకరింపక ఒక కుటుంబమును మాడ్చు దురాచారము పల్లెలలో తరతరములుగా ఉన్నది. బాయ్‌కాట్ వాకిట జరిగినదానిని, దీనిని ప్రక్కప్రక్కన ఉంచి చూచిన, చేతలు ఒక్కతీరుగానే కనబడును. భేదమెక్కడ?

భేదము మూడు ప్రశ్నలలో ఉన్నది. బహిష్కారము ఎవరిమీద? లఫ్ మాస్క్ తీరమున బలహీనులు బలవంతునిపై చేసిరి. అతనికి ప్రభువు, పత్రికలు, సైన్యము అండగా నుండెను. వెలి బలవంతులు బలహీనునిపై చేయునది. వానికి పోవుటకు మఱియొక బావి లేదు. బహిష్కారము దేనికి? బాయ్‌కాట్ తొలగింపు నోటీసులను మానినచో ఆ దినముననే పనివారు తిరిగివత్తురు. పుట్టుకను కారణముగా చూపి వెలివేసినచో వెలిపడినవాడు ఏమి మానుకొని తిరిగి రావలెను? బహిష్కారము ఎట్లు? ఎవరికి వారు మనసార మానుట యొకటి. ఊరివారు బెదిరించి మాన్పించుట మఱియొకటి. ఈ మూడవ ప్రశ్నకు లఫ్ మాస్క్ రైతులును పూర్తిగా తల యెత్తి ఉత్తరము చెప్పలేరు. గాంధీమహాత్ముడు సహాయనిరాకరణ దినములలోనే, అభిప్రాయభేదముగలవారికి నీటిని, వైద్యమును నిరాకరించుట అమానుషమని హెచ్చరించెను.

భారతదేశపు చట్టము ఈ భేదమును గుర్తించినది. రాజ్యాంగముయొక్క 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. షెడ్యూల్డు కులములపై, తెగలపై అత్యాచారములను నివారించు 1989 నాటి చట్టమునకు 2015లో చేసిన సవరణ, ఆ కులములవారిని, తెగలవారిని సాంఘికముగా గాని ఆర్థికముగా గాని బహిష్కరించుటను, బహిష్కరింతుమని బెదిరించుటను కూడ శిక్షార్హమైన నేరముగా ప్రకటించెను. ఆ చట్టపు ఆంగ్లప్రతిలో వాడినది 'బాయ్‌కాటు' అను మాటయే. పేదల చేతి ఆయుధముగా పుట్టిన మాట, పేదలపై ఎత్తిన ఆయుధమునకు పేరై, చట్టమున నేరముగా నిలిచెను.

ఈ విచారణ పెద్దలకు మాత్రమే కాదు. తరగతిలో క్రొత్తగా చేరిన బాలునితో ఎవరును మాటలాడరాదని నలుగురు కట్టుబడినను అది ఈ క్రియయే. అప్పుడును అడుగవలసినవి ఆ మూడు ప్రశ్నలే. ఎవరిమీద? దేనికి? ఎట్లు?

కెప్టెన్ బాయ్‌కాట్ తరువాత ఇంగ్లండులోని సఫక్ కౌంటీలో మఱియొక ఎస్టేటునకు ఏజెంటుగా పనిచేసి, 1897 జూన్ 19న మరణించెను. అతడు బ్రతికియుండగనే అతని పేరు అతని చేయి దాటిపోయెను. దానిని చెరిపివేయుటకు అతనికిగాని, అతనికి కాపు వచ్చిన సైన్యమునకుగాని శక్తి చాలలేదు. ఏలయన ఆ మాటను సృష్టించినది ఒక మతగురువే యైనను, దానికి ప్రాణము పోసినది ఇంటికి పోయి తలుపు వేసికొన్న కూలివారు, నాడా కొట్టని కమ్మరి, ఉత్తరము తేని కుఱ్ఱవాడు. 'కాదు' అని కలిసి చెప్పిన సామాన్యుల మౌనమునుండి పుట్టిన మాట ఇది. దానిని పలుకునపుడెల్ల ఆ మౌనము ఎవరి పక్షమున ఉన్నదో విచారించుకొనుట పలుకువాని బాధ్యత.

ప్రశ్నలు

1. తెలుగున నామము క్రియయగు విధమునకును, ఆంగ్లమున అగు విధమునకును గల భేదమేమి?
2. 'సభనుండి బహిష్కరించిరి', 'సభను బహిష్కరించెను' అను వాక్యముల అర్థభేదమును వివరింపుము.
3. మాంట్‌గొమరీ బహిష్కారమునకును, పల్లెలోని వెలికిని గల భేదమును మూడు ప్రశ్నల సాయమున నిరూపింపుము.
4. సమ్మె, నిషేధము, బహిష్కారము: ఒక్కొక్కదానికి ఒక్కొక్క సొంతవాక్యము వ్రాయుము.